కంచుకోటకు దువ్వెనల మూట

దువ్వెనను చులకన చేసిన రాజ్యమేదీ ఈ భూమండలం మీద చిరకాలం నిలవలేదు. దుర్గనిర్మాణాన్ని గురించీ, గజబలాన్ని గురించీ, గూఢచారుల జీతభత్యాలను గురించీ సంపుటాలకు సంపుటాలు రచించిన నీతిశాస్త్రవేత్తలు, కిరీటం కింద అణిగి ఉండే కేశసంపదను గురించి ఒక్క శ్లోకమైనా చెప్పలేదు. వారిలో అధికసంఖ్యాకులు బట్టతలవారు కావడమే ఇందుకు కారణమని కొందరి అభిప్రాయం. కారణమేదైనా, లోకానికి కలిగిన నష్టం అపారం. ఆ శ్లోకం ఒక్కటి ఉండి ఉంటే, మణిశృంగ రాజ్యపు యువరాజు నీలకేతుడు ఆనాటి అపరాహ్ణవేళ గాడిద వీపున దువ్వెనల మూట వేసుకుని కంచుకోట కొండదారి పట్టి ఉండేవాడు కాదు.

ఆ దారిని చూస్తేనే ఒళ్ళు జలదరిస్తుంది. ఇరుపక్కలా రాగిరంగు బండలు, గడ్డకట్టిన నెత్తురుకు ఆకారం వచ్చినట్టు నిలిచి ఉన్నాయి. వాటి సందుల్లో ఆకురాలిన ముళ్ళచెట్లు ఎవరినో బతిమాలుతున్న చేతుల్లా పైకి లేచి ఉన్నాయి. గాలి లేదు. పిట్ట కూత లేదు. మలుపు మలుపునా వర్తకులు వదిలి పారిపోయిన బండ్లు చక్రాలు ఊడి పడి ఉన్నాయి. ఒక బండి దగ్గర ఎద్దు పక్కటెముకలు, ప్రాణం పోయి ఏళ్ళు గడిచినా యజమాని ఆజ్ఞ ఇంకా అందలేదన్నట్టు, కాడి కిందనే వంగి ఉన్నాయి. వీటన్నిటికీ పైన, కొండకొమ్మున, సూర్యుణ్ణి మింగడానికి నోరు తెరిచినట్టు కంచుకోట. దాని నడిమి బురుజు నుంచి సన్నని నల్లని పొగ నిట్టనిలువుగా ఆకాశంలోకి లేస్తోంది.

ఆ పొగ కిందనే నీలకేతుడి చెల్లెలు కేతకి బందీగా ఉంది. గడిచిన పున్నమినాడు ఆమె పూలతోటలో విహరిస్తుండగా ధూమ్రశిఖుడనే మాంత్రికుడు డేగ రూపంలో వచ్చి తన్నుకుపోయాడు. ఆ పేరు చెబితే మణిశృంగలో తల్లులు బిడ్డల చెవులు మూస్తారు. వాడి శిఖ వెంట్రుకలతో అయినది కాదనీ, మేఘాలను తాకే పొగస్తంభమనీ, దాని నీడ సోకిన పంట మాడిపోతుందనీ ప్రతీతి. వాడి కోటను కాచేవారు కంచుయవనులు. పడమటి సముద్రానికి ఆవలి దేశపు మహాసర్పం కోరలను ధూమ్రశిఖుడు దుక్కిచాళ్ళలో నాటగా, శిరస్త్రాణాలతో, డాళ్ళతో, బల్లేలతో సహా మొలకెత్తిన వీరులు వారు. ఇప్పుడు ఆ కోరలు నిండుకున్నాయట. ఇకమీదట ఒక్కొక్క కంచువీరుణ్ణి పోతపోయాలంటే, సూర్యబింబం పడమటి శిఖరాన్ని తాకే క్షణాన ఒక రాచకన్నె ప్రాణాన్ని కొలిమిలోని కంచుతో కలపాలట.

ప్రతి సాయంకాలమూ కొలిమి పొగ లేస్తూనే ఉంది. ప్రతి సాయంకాలమూ మణిశృంగ నగరం ఊపిరి బిగబట్టి చూస్తూనే ఉంది. ఆహుతి జరిగితే కొండ గర్జిస్తుందని శాస్త్రం. కొండ గర్జించలేదు. ఆహుతి ఎందుచేత జరగలేదో ఎవరికీ తెలియదు. తన హోమఫలమని పురోహితుడు, గురుగ్రహం చల్లని చూపని జ్యోతిష్కుడు, తాను పంపిన బెదిరింపు సందేశమని మహామంత్రి ఎవరికి వారు చెప్పుకుని, వేర్వేరుగా శాలువాలు కప్పించుకున్నారు.

నీలకేతుడు శాలువాలను నమ్ముకోలేదు. తనను పెంచిన దాది నాగమాంబ మాటలను నమ్ముకున్నాడు. కంచుయవనుల ఒంట్లో నెత్తురు లేదనీ, ఒళ్ళంతా కంచేననీ నాగమాంబ చెప్పింది. వాళ్ళ ప్రాణం మడమలో ఉంటుందని చెప్పింది. వాళ్ళ నడుమకు ఒక రాయి విసిరితే, విసిరినదెవరో తెలియక ఒకరినొకరు నరుక్కుని చస్తారని కూడా చెప్పింది. ఆమె జన్మలో యవనుణ్ణి చూసినది కాదు. చూసినవారెవరూ చెప్పడానికి తిరిగి రాలేదు కనుక, చూడనివారి మాటకే విలువ హెచ్చింది. అందుచేత యువరాజు మొలలో మడమల కోసం ఒక పొట్టి బాకూ, రొంటిన ఒక గుండ్రని రాయీ ఉన్నాయి.

వేషం ఎంపికలో అతడు చాలా ఆలోచించాడు. సన్యాసిగా వెళితే మాంత్రికుడు వేదాంతం మీద వాదానికి దిగవచ్చు. నటుడిగా వెళితే నటించమనవచ్చు. సకల చరాచర వస్తువుల్లోనూ అనుమానానికి తావివ్వనిది దువ్వెన ఒక్కటేనని అతడికి తోచింది. కొయ్య దువ్వెనలు మూటనిండా కొన్నాడు. వాటి మధ్య తన తల్లి భరిణెలోని దంతపు దువ్వెనను దాచాడు. దాని పిడి నెమలి ఆకారంలో ఉంటుంది. చిన్ననాడు కేతకి దానికోసం అలిగి అన్నం మానేసేది. ఎలాగైనా దాన్ని లోపలికి పంపగలిగితే, అన్న వచ్చాడని ఆమెకు తెలుస్తుంది. ధైర్యం చిక్కుతుంది.

కోట ద్వారం చేరేసరికి గాడిద కాళ్ళు వణుకుతున్నాయి. యువరాజు కాళ్ళను ఎవరూ చూడలేదు కనుక వాటిని గురించి చెప్పనవసరం లేదు.

ద్వారం దానంతట అదే తెరుచుకుంది. ఎదుట కంచుయవనుడు నిలబడి ఉన్నాడు.

ముఖం లేదు. ముఖం ఉండవలసిన చోట నున్నటి కంచు, అందులో రెండు చీలికలు, వాటి వెనుక చీకటి. నెత్తిమీద గుర్రపు జూలు నెత్తుటి రంగులో నిక్కి ఉంది. గొంతు నుంచి తొడల దాకా కంచు, మోకాళ్ళ నుంచి పాదాల దాకా కంచు. మనిషెత్తుకు మించిన బల్లెం నేలకు ఆన్చి ఉంది. ఆ లోహం లోపలి నుంచి, పాడుబడ్డ బావిలోంచి వచ్చినట్టు గొంతు వచ్చింది.

"ఎవడది?"

నీలకేతుడు గాడిద వీపు మీది మూట చూపించాడు. "దువ్వెనలు అమ్ముకునేవాణ్ణి దొరా."

చీలికల వెనుక చీకటి కదిలింది.

"మళ్ళీ చెప్పు."

"దువ్వెనలు దొరా. కొయ్యవి. గట్టివి."

యవనుడి చేతిలోంచి బల్లెం జారి రాళ్ళమీద ఖణేల్మని పడింది. శిరస్త్రాణం లోపల ఏదో చప్పుడు పుట్టింది. అది నవ్వో ఏడుపో తెలియక, రెండింటికీ సరిపోయేటట్టు యువరాజు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అప్పుడు యవనుడు రెండు చేతులా తన తలను పట్టుకుని ఊడబెరికాడు.

ఊడి వచ్చింది శిరస్త్రాణం మాత్రమే. దాని కింద మరొక తల ఉంది. అది అరవై ఏళ్ళు దాటిన ముసలివాడి తల. ముక్కు మీద ఎండకు తోలు లేచిపోయింది. నెరిసిన జుట్టు భుజాల దాకా పెరిగి, తాళ్ళు పేనినట్టు చిక్కులు పడి, అందులో రెండు మూడు ఎండుటాకులు స్థిరనివాసం ఏర్పరచుకుని ఉన్నాయి. చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నాయి. మడమలో ప్రాణం ఉన్నదో లేదో గానీ, కళ్ళల్లో నీళ్ళు మాత్రం ఉన్నాయి.

"నా పేరు దేమిత్రుడు. వాకిలి కాపలా నాదే," అన్నాడు ముసలివాడు. "కూర్చో శెట్టీ. నీళ్ళు తాగుతావా? ఈ కొండెక్కి వచ్చిన బేరగాణ్ణి చూసి ఎన్నేళ్ళయిందో. ఎవడూ రాడయ్యా. మేమేదో తలకాయలు కొరుక్కుతింటామని కింద ఊళ్ళల్లో చెప్పుకుంటారంట."

"కొరుక్కుతినరా దొరా?" అన్నాడు నీలకేతుడు, అనవలసినది కాదని తెలిసీ.

"పళ్ళెక్కడివి?" అని నోరు తెరిచి చూపించాడు దేమిత్రుడు. మహాసర్పం కోరల నుంచి మొలిచినవాడికి పై దవడలో రెండే మిగిలాయి. "మాకు ఒక్క దువ్వెన ఉండేది. అందరికీ అదే. అది కాస్తా పోయింది. అప్పట్నుంచీ ఇదిగో, ఇట్లా ఉన్నాం."

"చెట్లున్నాయి గదా దొరా. ఒకటి చెక్కుకోకపోయారా?"

ముసలివాడి ముఖం చిన్నబోయింది. "బల్లెం పట్టిన చేత్తో బాడిస పడితే మాలో వెలి. వడ్రంగం, కుమ్మరం, నేత, ఇవేవీ యవనుడు ముట్టకూడదు. ముట్టినవాడి పక్కన ఎవడూ నిలబడడు. పక్కన ఎవడూ నిలబడకపోతే యవనుడు చచ్చినట్టే లెక్క."

చివరి మాట అర్థం నీలకేతుడికి అప్పుడు తెలియలేదు. అతడి దృష్టి బురుజు మీద ఉంది. పొద్దు వాలుతోంది. మూట విప్పి దువ్వెనలన్నీ ముసలివాడి ముందు గుమ్మరించాడు. నెమలి పిడి దువ్వెనను మాత్రం చేతిలో ఉంచుకుని, శెట్టి గొంతుతో అన్నాడు.

"లోపల ఎవరో రాచపిల్ల ఉందని విన్నాను దొరా. ఇది ఆమెకు నా కానుక. ఆడపిల్ల తల చిక్కుపడి ఉంటే నాబోటివాడు చూడలేడు."

దేమిత్రుడు దువ్వెన వంక చూశాడు. తరువాత యువరాజు వంక చూశాడు. ఎండలో నిలబడి ఉన్నవాడల్లా చలి వేసినట్టు ఒళ్ళు ముడుచుకున్నాడు.

"ఆ పిల్లకా? తెలిసే ఇస్తున్నావా?"

"తెలిసే ఇస్తున్నా."

"నువ్వు గుండెలు తీసిన బంటువయ్యా శెట్టీ," అన్నాడు ముసలివాడు మెల్లగా. "దొరవారు నిన్ను మరిచిపోరు."

దువ్వెనను గుడ్డలో చుట్టి ఒక యవనుడి చేత బురుజులోకి పంపించాడు. తన వేషం ఫలించిందని యువరాజు లోలోపల పొంగిపోయాడు. చరిత్రలో ఇంత సులువుగా సాగిన గూఢచర్యం మరొకటి లేదని కూడా అనుకున్నాడు. ఆ అనుకోవడంలో తప్పు లేదు.

ఇంతలో దేమిత్రుడు కొమ్ము ఊదాడు.

కోట ముంగిలి నలుమూలల నుంచి కంచుయవనులు వచ్చారు. పరుగు లేదు, పలుకు లేదు. రాళ్ళమీద కంచు రాసుకునే చప్పుడు మాత్రమే. ఒక్కొక్కడూ వంగి ఒక్కొక్క దువ్వెన తీసుకున్నాడు. బారులు తీరి నేలమీద కూర్చుని, శిరస్త్రాణాలు ఒళ్ళో పెట్టుకుని, జుట్టుకు నూనె రాసుకుని దువ్వుకోవడం మొదలుపెట్టారు. ఒక్క కన్నూ పైకి లేవలేదు. ముంగిలి అంతటా చిక్కులు తెగే చప్పుడు, ఎండుగడ్డిలో పాములు పాకుతున్నట్టు. పెళ్ళికొడుకులు కూడా అంత శ్రద్ధగా దువ్వుకోరు. ఆ శ్రద్ధలో ఏదో ఉంది. గాడిద తాడు తెంపుకుని ద్వారం బయటికి పరుగెత్తింది. ఆనాటి పాత్రధారుల్లో సకాలంలో సరైన నిర్ణయం తీసుకున్నది అదొక్కటే.

"ఏమిటిది దొరా?" అన్నాడు యువరాజు.

దేమిత్రుడు పాపిట తీసుకుంటూ చెప్పాడు. "చావడానికో చంపడానికో పోయే రోజునే మేం తల దువ్వుకుంటాం. తాతల నాటి కట్టుబాటు. చిక్కుతలతో బల్లెం ఎత్తకూడదు. దువ్వుకున్నాక ఎత్తకుండా ఉండకూడదు."

"మరి ఇప్పుడు యుద్ధం ఎవరితో?"

"అదే చూస్తున్నాం." ముసలివాడు చుట్టూ కలియజూశాడు. అతడి ముఖంలో నిజమైన బాధ కనిపించింది. "దగ్గర్లో శత్రువన్నవాడు ఎవడూ లేడు. మా భయానికి అంతా ఊళ్ళు వదిలిపోయారు. నువ్వొక్కడివే ఉన్నావు శెట్టీ. ఏమీ అనుకోకు."

శత్రువుగా గుర్తింపు పొందకుండానే, కేవలం అందుబాటులో ఉన్నందువల్ల చావవలసి రావడం క్షత్రియుడికి కలిగే అవమానాల్లోకెల్లా పెద్దది. నీలకేతుడికి దాన్ని గురించి చింతించే వ్యవధి దొరకలేదు. జంట పిల్లనగ్రోవి మోగింది. యవనులు శిరస్త్రాణాలు తొడిగారు. ముసలి ముఖాలన్నీ ఒక్కసారి మాయమై, వాటి స్థానంలో నున్నటి కంచు, చీలికలు, చీకటి. డాలు పక్కన డాలు చేరింది. ముంగిలికి అడ్డంగా కంచుగోడ లేచింది. గోడలోంచి బల్లేలు ముందుకు వాలాయి. గోడ నడిచింది.

ఆ గోడకు అటువైపున బురుజు మెట్లు. ఇటువైపున యువరాజు. అతడి వెనుక ఎప్పుడు మూశారో తెలియని ద్వారం. పడమటి శిఖరానికీ సూర్యుడికీ మధ్య చెయ్యి పట్టేటంత ఆకాశం మాత్రమే మిగిలి ఉంది.

అతడు రాయి తీసి విసిరాడు. రాయి గురితప్పకుండా ఒక శిరస్త్రాణానికి తగిలింది. గంట మోగినట్టు మోగింది. ఇప్పుడు వీళ్ళు ఒకరినొకరు నరుక్కోవాలి. నరుక్కోలేదు. "వాడే విసిరాడు, నేను చూశా," అన్నాడు ఒకడు. డాళ్ళు మరింత దగ్గరకు జరిగాయి.

అతడు బాకు దూసి మడమల కోసం చూశాడు. డాళ్ళ కింద నుంచి కనిపించిన మడమలకు మందపాటి తోలు, దాని కింద పాత గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. కాళ్ళ పగుళ్ళతో బాధపడేవాళ్ళు అలా చుట్టుకుంటారు. పైగా ఆ మడమలను చేరాలంటే ముందు బల్లేలను దాటాలి. నాగమాంబ ఆ సంగతి చెప్పడం మరిచిపోయింది.

ఇక చెయ్యగలిగినదేమీ లేక అతడు నిలబడిపోయాడు. బల్లెపు మొనల మీద సాయంకాలపు ఎండ ఎర్రగా మెరుస్తోంది. వాటిలో ఒకటి తన గుండెకు సూటిగా ఉంది. అతడు దాన్నే చూస్తున్నాడు. చూస్తుండగా అది అతడి ఎడమ భుజానికి సూటిగా మారింది. మరి నాలుగడుగులు నడిచేసరికి అది అతడికి అవతల గాలిలోకి గురిపెట్టి ఉంది.

గోడ ముందుకు వస్తూనే పక్కకు జారుతోంది.

అప్పుడు యువరాజు మొదటిసారి బల్లేలను వదిలి మనుషులను చూశాడు. ప్రతి యవనుడికీ డాలు ఎడమచేతికి ఉంది. అది అతడి ఎడమ సగాన్ని కప్పి, మిగిలిన వెడల్పుతో ఎడమపక్కవాణ్ణి కప్పుతోంది. కుడి సగానికి ఆచ్ఛాదన లేదు. ఆ సగాన్ని కాపాడేది కుడిపక్కవాడి డాలే. అందుచేత ప్రతివాడూ అడుగడుగునా కుడిపక్కవాడి డాలు చాటుకు వెంట్రుకవాసి ఒదుగుతున్నాడు. వాడు ఒదిగితే వాడి కుడిపక్కవాడు మరింత ఒదుగుతున్నాడు. కోరల నుంచి మొలిచినవారూ, నెత్తురు లేనివారూ, మరణమెరుగనివారూ అయిన కంచుయవనులందరూ కలిసి, భయంతో, ఒక్క తాటిమీద, కుడివైపుకు జారిపోతున్నారు. బారు కుడికొస అప్పుడే గుర్రపుశాల గోడను రాసుకుంటోంది.

బారు ఎడమకొస యువరాజును సమీపించింది. ఆ కొసన ఉన్నవాడు కాస్త కుంటుతున్నాడు. కంచు చీలికల వెనుక నుంచి తెలిసిన గొంతు గుసగుసలాడింది.

"శెట్టీ, నీ కుడిపక్కకి తప్పుకో. ఇది ఆగమంటే ఆగదు."

నీలకేతుడు తప్పుకున్నాడు. బల్లెం అతడి చంకలోంచి దూరి వెళ్ళింది. డాలు అంచు పక్కటెముకలను గీరింది. క్షణకాలం అతడి ముఖమూ దేమిత్రుడి కంచుముఖమూ జానెడు ఎడంలో ఎదురయ్యాయి. చీలికల్లో రెండు కళ్ళు కనిపించాయి. అవి తన కళ్ళలాగానే బెదిరి ఉన్నాయి.

"మావాళ్ళతో చెప్పకు," అని గొణిగి ముసలివాడు తన కుడిపక్కవాడి డాలు చాటుకు పరుగున చేరుకున్నాడు.

కంచుగోడ వెళ్ళి గుర్రపుశాల గోడతో పోరాడసాగింది. నీలకేతుడు వెనుదిరిగి చూడలేదు. మెట్ల మీద పరుగెత్తాడు. బురుజు మెట్లు చుట్టలు చుట్టుకుని పైకి లేస్తున్నాయి. గోడలు వేడెక్కి ఉన్నాయి. పైనుంచి కరిగిన కంచు వాసన, దానితోపాటు ఎవరో సన్నగా కూనిరాగం తీస్తున్న చప్పుడు. ప్రతి గవాక్షం దగ్గరా సూర్యుడు కొంచెం కొంచెం దిగజారి కనిపిస్తున్నాడు. చివరి గవాక్షంలో సూర్యబింబపు అంచుకూ శిఖరపు కొసకూ మధ్య దారమంత వెలుగు మిగిలింది.

తలుపు తెరిచే ఉంది. అతడు బాకు ఎత్తి గడప దాటాడు. దాటిన పాదం అక్కడే అతుక్కుపోయింది. రెండో పాదమూ అంతే. గడపకు లోపల నేలమీద బూడిదతో గీసిన గీత సన్నగా మెరిసింది.

కొలిమిలో కంచు ఎర్రగా మరుగుతోంది. దాని పక్కన మనిషి ఆకారపు మూస నోరు తెరుచుకుని పడుకుని ఉంది. కొలిమికి ఎదురుగా పీట మీద కేతకి కూర్చుని ఉంది. ఆమె చేతులకు ఇనుప కంకణాలు. ఆమె వెనుక నల్లని ముసుగు తలమీదుగా కప్పుకున్న పొడవాటి మనిషి నిలబడి, కూనిరాగం తీస్తూ, ఆమె జుట్టును ఓపికగా దువ్వుతున్నాడు. అతడి చేతిలో దంతపు దువ్వెన. పిడి నెమలి ఆకారం. నడుము దాటిన కేశపాశం చిక్కన్నది లేకుండా పట్టుకుచ్చులా వాలి ఉంది. చెవి వెనుక ఒక్క ముడి మాత్రం మిగిలి ఉంది.

"కేతకీ," అన్నాడు నీలకేతుడు. "భయపడకు. వచ్చాను."

ఆమె తల తిప్పలేక కళ్ళు మాత్రం తిప్పింది. వాటిలో అతడు ఎదురుచూసిన ఆనందం లేదు.

"అన్నయ్యా, ఈ దువ్వెన పంపింది నువ్వేనా?"

"నేనే. గుర్తుపట్టావా?"

"పట్టాను," అంది కేతకి. ఆమె గొంతు ఆశ్చర్యం కలిగించేటంత నెమ్మదిగా ఉంది. "చిక్కుతలతో ఉన్న కన్నెను ఆహుతి ఇస్తే చెల్లదట. దువ్వుకోని యవనుడు బల్లెం ఎత్తడట. వచ్చిన రోజునే తెలుసుకున్నాను. ఈ కోట మొత్తానికీ ఉన్నది ఒక్కటే దువ్వెన అన్నయ్యా. నన్ను తయారు కమ్మని ఇచ్చారు. విరిచి ఈ కిటికీలోంచి లోయలోకి పారేశాను. అప్పట్నుంచీ ఒక్క రోజు కూడా తల ముట్టుకోలేదు."

బాకు నీలకేతుడి చేతిలోంచి జారిపోయింది. పురోహితుడి హోమం, జ్యోతిష్కుడి గురుగ్రహం, మంత్రి సందేశం, మూడు శాలువాలూ అతడి కళ్ళముందు వరసగా కదిలాయి. వాటి వెనుకనే గాడిద వీపు మీది మూట.

ముసుగు మనిషి చివరి ముడిని వేలికొసలతో సుతారంగా విడదీసి దానిలో దువ్వెన పెట్టాడు. సూర్యబింబం శిఖరాన్ని తాకబోతోంది. కొండ అడుగున ఎక్కడో, నిద్రలో పళ్ళు కొరికినట్టు, గర్జన మొదలైంది.

"యువరాజా, నీ రుణం తీర్చుకోలేనిది," అన్నాడు ధూమ్రశిఖుడు ఎంతో మర్యాదగా. "మంత్రంతో దువ్వెనను సృష్టించబోతే ప్రతిసారీ జెర్రి పుట్టింది. ఇంతటి మాంత్రికుడి దగ్గర సొంతానికి ఒక దువ్వెనైనా లేదా అని నీకు సందేహం కలగవచ్చు."

అతడు ముసుగు వెనక్కి తీసి, కృతజ్ఞతతో తల వంచాడు. కొలిమి వెలుగు ఆ తలమీద నున్నగా జారింది. దానిమీద ఒక్క వెంట్రుక కూడా లేదు.